బడికి సెలవు.. మరి కంచానికి?

సింగపూర్ బడులకు ఏడాదిలో నాలుగుసార్లు సెలవులు వస్తాయి. మార్చిలో ఒక వారం, జూన్‌లో నాలుగు వారాలు, సెప్టెంబరులో ఒక వారం, నవంబరు సగం దాటాక మొదలై డిసెంబరు నెలాఖరు దాకా ఆరు వారాలు. మొత్తం 12 వారాలు. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామందికి ఇది విమానం టికెట్ల లెక్క. జూన్‌లో వెళ్తే ఊళ్లో మామిడిపళ్లు దొరుకుతాయి గానీ ఎండలు భరించలేం. డిసెంబరులో వెళ్తే చల్లగా ఉంటుంది గానీ సంక్రాంతికి ముందే తిరిగొచ్చేయాలి. మన తర్జనభర్జనంతా అక్కడే.

మన బ్లాకులోనే ఉంటూ, మనతోపాటే లిఫ్టు దిగే కొన్ని కుటుంబాలకు ఇవే 12 వారాలు భోజనాల లెక్క. బడి ఉన్న రోజుల్లో పిల్లల ఒక పూట తిండి బడి చూసుకుంటుంది. సెలవులిస్తే ఆ పూట కూడా ఇంటిమీదే పడుతుంది. దానికితోడు రోజంతా పిల్లల్ని ఎక్కడ ఉంచాలి, ఏం చేయించాలి అన్న బెంగ ఒకటి. ఈ విషయంలో మన తెలుగు కుటుంబాలు, సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. అది పెద్ద ఖర్చుతో కూడిందీ కాదు, మనకు తెలియనిదీ కాదు.

నేను ఉండేది ఆంగ్ మో కియోలో. 1970లలో హెచ్‌డీబీ కట్టిన పాత పట్టణం ఇది. మన ఐటీ కుటుంబాలు అద్దెకు దిగే కండోలు ఇక్కడున్నాయి, నాలుగు గదుల ఫ్లాట్లున్నాయి, ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఒకటి, రెండు గదుల ఇళ్లూ ఉన్నాయి. పిల్లలు చాలావరకు ఆ చుట్టుపక్కల బడులకే వెళ్తారు, ఒకే ఆటస్థలంలో ఆడతారు. బడులు నడిచినన్నాళ్లు వాళ్ల మధ్య తేడా పెద్దగా కనిపించదు. సెలవులు రాగానే బయటపడుతుంది. ఒకరు కోడింగ్ శిబిరానికి వెళ్తారు, ఒకరు ఈత నేర్చుకుంటారు, ఒకరు ఇండియా విమానం ఎక్కుతారు. మిగిలినవాళ్లు వాయిడ్ డెక్‌లో, అంటే బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే జాగాలో, ఒక ఫోన్ చుట్టూ గుమిగూడి కనిపిస్తారు.

84 భోజనాలు

ప్రభుత్వం పట్టించుకోవడం లేదనడం న్యాయం కాదు. విద్యాశాఖ ఆర్థిక సహాయ పథకం కింద తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు పుస్తకాలు, యూనిఫాంతోపాటు బడి క్యాంటీన్‌లో భోజనానికీ సాయం అందుతుంది. కుటుంబం మొత్తం ఆదాయం నెలకు 4,000 డాలర్లు మించకపోయినా, తలసరి ఆదాయం 1,000 డాలర్లు మించకపోయినా 2025 నుంచి దీనికి అర్హత ఉంది. ప్రైమరీ పిల్లలకు బడి నడిచే వారానికి 7 భోజనాలు, సెకండరీ పిల్లలకు 10 భోజనాలు. ఇది సింగపూర్ పౌరులకే. పీఆర్ పిల్లలకు, డిపెండెంట్ పాస్ మీద ఉన్న పిల్లలకు వర్తించదు.

‘బడి నడిచే వారానికి’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. 12 సెలవు వారాలను 7తో గుణిస్తే 84 భోజనాలు. సెకండరీ పిల్లలకైతే 120. ఇద్దరు ప్రైమరీ పిల్లలు, ఒక సెకండరీ అమ్మాయి ఉన్న ఇంట్లో ఏడాదికి 288 భోజనాలు బడి పద్దు నుంచి తీసి అమ్మ పద్దులో వేసినట్టు. ఆ వారాల్లో ఇంటి ఆదాయం మాత్రం పెరగదు. పైగా గంటల లెక్కన పనిచేసే తల్లి, చిన్నపిల్లల కోసం పని గంటలు తగ్గించుకోవాల్సి వస్తే ఆదాయం తగ్గుతుంది కూడా.

బడి గోడ దాటి భోజనం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల పిల్లలు ఇళ్ల నుంచే చదువుకోవాల్సి వచ్చినప్పుడు, ఈ భోజనాల డబ్బును ప్రభుత్వం పిల్లల స్మార్ట్ కార్డుల్లో వేసింది. వాటితో ఇంటి దగ్గరే తిండి కొనుక్కున్నారు. బడి మూతపడినా ఆకలి మూతపడదన్న సంగతి ఆనాడు గుర్తించారు. మామూలు సెలవుల్లోనూ ఆ పద్ధతి ఉండాలని అడగడం తప్పు కాదు.

స్టూడెంట్ కేర్ కేంద్రాల్లో చేరిన పిల్లలకు సెలవుల్లో పగలంతా ఆసరా ఉంటుంది. ఫీజులో సాయం చేసే ప్రభుత్వ పథకమూ ఉంది. కానీ ఆ సాయం ప్రధానంగా పనిచేసే తల్లిదండ్రుల కోసం. పని వెతుక్కుంటున్న తల్లి, ముసలివాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయిన తల్లి అంత తేలిగ్గా అందుకోలేరు. కాస్త పెద్దవాళ్లయిన పిల్లలు అక్కడికి వెళ్లరు కూడా.

ఖర్చు ఆటది కాదు, అన్నానిది

‘సెలవుల్లో డబ్బు లేకుండా చేయగలిగిన పనులు లేవా?’ అని అడగొచ్చు. ఆంగ్ మో కియోలో బోలెడున్నాయి. అవెన్యూ 6లో 1985 నుంచి ఉన్న గ్రంథాలయం ఉంది. చల్లగా కూర్చుని ఎంతసేపైనా చదువుకోవచ్చు. ఇంటికి పుస్తకాలు తెచ్చుకోవడానికి విదేశీయులు రుసుం కట్టాలిగానీ పౌరులకు, పీఆర్‌లకు సభ్యత్వం ఉచితం. బిషాన్-ఆంగ్ మో కియో పార్కు ఉంది. కాంక్రీటు కాలువలా ఉండే కల్లాంగ్ నదిని 2012లో మళ్లీ వాగులా మార్చి, గడ్డి ఒడ్డులతో పిల్లలకు అప్పగించారు. చేపలు, పక్షులు, ఒక్కోసారి నీటికుక్కలు కూడా కనిపిస్తాయి. టౌన్ గార్డెన్లున్నాయి, తక్కువ రుసుంతో ప్రభుత్వ ఈతకొలనుంది. నగరంలోకి వెళ్తే జాతీయ మ్యూజియంలు పౌరులకు, పీఆర్‌లకు 2013 నుంచి ఉచితం.

అయితే మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి కథ మారుతుంది. హాకర్ సెంటర్‌లో ఎంత చవగ్గా చూసినా ప్లేటు చికెన్ రైస్ మూడున్నర, నాలుగు డాలర్లు. ముగ్గురు పిల్లలు, తల్లి తిని, తలా ఒక డ్రింకు తాగితే 20 డాలర్ల దగ్గర తేలుతుంది. ఉచిత మ్యూజియం 20 డాలర్ల మ్యూజియం అవుతుంది. అందుకే చాలామంది ఇల్లు కదలరు. కార్యక్రమాల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా, అందులో భోజనం లేకపోతే అది అందరి కోసం వేసిన జాబితా కాదు.

మా దగ్గర పిల్లలకు వారానికోసారి కథలు చదివి వినిపించే చిన్న బృందంలో నేనూ ఉన్నాను. బడి రోజుల్లో బిస్కెట్లు పెడితే మాటల్లో పడి సగం వదిలేస్తారు. జూన్‌లో వదలరు. రెండోది తీసుకుని ‘ఇది తమ్ముడికి ఆంటీ’ అంటూ జేబులో పెట్టుకునేవాళ్లుంటారు. పొరుగు బ్లాకులో ఉండే మలయ్ తల్లి ఒకామె ఓసారి నవ్వుతూనే అంది: ‘సెలవుల్లో పిల్లల్ని పదకొండు దాకా లేపను. అప్పుడు టిఫినూ భోజనమూ ఒకటే అవుతుంది కదా.’ ఆమె సాయం అడగలేదు. అడిగే మనిషీ కాదు.

అడగని ఆకలి

ఈ ‘అడగకపోవడం’ ఆమె ఒక్కదాని సంగతి కాదు. ఫుడ్ బ్యాంక్ సింగపూర్ కోరగా సింగపూర్ మేనేజ్‌మెంట్ యూనివర్సిటీలోని లియన్ సెంటర్ చేసిన 2019 అధ్యయనం ప్రకారం, అంతకుముందు 12 నెలల్లో ఒక్కసారైనా సరిపడా మంచి తిండి అందని ఇళ్లు 10.4 శాతం. అంటే పది ఇళ్లకు ఒకటి. వాటిలో సాయం కోరినవి 22 శాతమే. మిగతావాళ్లు ఎందుకు అడగలేదంటే సిగ్గుతో, ఎక్కడ అడగాలో తెలియక, ‘మాకంటే అవసరమైనవాళ్లుంటారు’ అనుకుని.

సాయం చేసేవాళ్లు లేక కాదు. 2003లో మొదలైన ఫుడ్ ఫ్రమ్ ద హార్ట్, 2012లో మొదలైన ఫుడ్ బ్యాంక్ లాంటి సంస్థలు సరుకులు పంచుతున్నాయి. సోషల్ సర్వీస్ ఆఫీసు ఆంగ్ మో కియోలోనే ఉంది. సీడీసీ వోచర్లు పౌరుల కుటుంబాలన్నింటికీ వస్తున్నాయి. కానీ సంచీ పట్టుకుని వరుసలో నిలబడాలంటే పిల్లలకూ సిగ్గే, పెద్దలకూ సిగ్గే. మనకిది కొత్తగా చెప్పాలా? మనవాళ్లలో ఉద్యోగం పోయిన సంగతి పక్కింటివాళ్లకు తెలియకుండా, ఉదయం తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ బ్యాగుతో బయటికెళ్లి లైబ్రరీలో కూర్చునేవాళ్లు లేరా? పరువు అన్నది జీతంతోపాటు తగ్గేది కాదు.

కాబట్టి ప్రశ్న ‘ఎంత అన్నం పెట్టాలి’ అన్నది కాదు. ‘ఎవరినీ వేరుచేసి చూపకుండా ఎలా పెట్టాలి’ అన్నది.

ఆటతోపాటు అన్నం

దీనికి ఇంగ్లండ్ ఒక దారి చూపింది. 2020లో ఫుట్‌బాల్ ఆటగాడు మార్కస్ రాష్‌ఫర్డ్ సెలవుల్లోనూ పేద పిల్లలకు భోజనం ఇవ్వాలని గళమెత్తితే, మొదట కాదన్న ప్రభుత్వం దిగొచ్చి ఆ వేసవికి వోచర్లు ఇచ్చింది. అంతకుముందే, 2018 నుంచి, కొన్నిచోట్ల ప్రయోగంగా నడుస్తున్న సెలవుల పథకాన్ని 2021లో దేశమంతటికీ విస్తరించారు. దాని పేరులోనే ఆటపాటలూ తిండీ రెండూ ఉన్నాయి. ఈస్టర్‌కు ఒక వారం, వేసవిలో నాలుగు, క్రిస్మస్‌కు ఒకటి. వారానికి నాలుగు రోజులు, రోజుకు నాలుగు గంటలు. పిల్లలు ఆడతారు, ఏదో ఒకటి నేర్చుకుంటారు, అక్కడే తింటారు. ‘ఎక్కడికెళ్తున్నావురా?’ అంటే ‘ఆడుకోవడానికి’ అని చెప్పుకోవచ్చు. ‘అన్నానికి’ అని చెప్పనక్కర్లేదు. ఆ పథకంలోని కిటుకు ఇదే.

మన దగ్గరా ఈ ఆలోచన ఉంది. బడి భోజనం పిల్లల హక్కని 2001లో చెప్పిన భారత సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2016 మే నెలలో అదే మాట మళ్లీ చెప్పింది. ఆ ఏడాది తెలంగాణలో 231 కరువు మండలాలున్నాయి. మండుటెండలో, పాఠాల్లేని బడికి, కేవలం భోజనానికి పిల్లలు రావాల్సిన రోజులవి. ఆ ఆదేశం గొప్పది. ఆ ఎండలో ఆ పిల్లలకు అన్నంతోపాటు ఆటా కథా కూడా ఉంటే ఇంకా ఎక్కువమంది వచ్చేవారని నా నమ్మకం.

ఇంగ్లండ్ దాకా పోకుండానే, ఆటనూ అన్నాన్నీ కలిపిన పద్ధతి మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. దాని పేరు వనభోజనాలు. కార్తీకంలో ఊరంతా తోటకు కదిలితే, పొద్దున ఆటలు, మధ్యాహ్నం ఒకే పంక్తిలో భోజనం. ఎవరి ఇంట్లో ఏముందని పంక్తిలో ఎవరూ అడగరు. సింగపూర్‌లోనూ మన సంఘాలు ఏటా వనభోజనాలు చేస్తున్నాయి. అవి జరిగేది ఇక్కడి బడులకు ఏడాది చివరి సెలవులు మొదలయ్యే రోజులకు అటూ ఇటూగానే. మనం చేయాల్సిందల్లా ఆ పంక్తిని కాస్త పొడిగించడం.

రెండు వేల డాలర్ల పని

నా ప్రతిపాదన చిన్నది. జూన్ సెలవుల్లో నాలుగు వారాలు, వారానికి రెండు రోజులు, పనిదినాల్లోనే, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. ఆంగ్ మో కియోలో ఒక్క చోట. 40 మంది పిల్లలు. లైసెన్సు ఉన్న క్యాటరర్ దగ్గర తలకు 6 డాలర్ల భోజనం అనుకుంటే 8 రోజులకు 1,920 డాలర్లు. 200 తెలుగు కుటుంబాలు తలా పది డాలర్లు వేస్తే 80 డాలర్లు మిగులుతాయి. ఒక సాయంత్రం ఆడిటోరియం అద్దె, సౌండు, లైట్లు, అతిథుల టికెట్లు కలిపి ఎంతవుతుందో సంఘాల్లో పనిచేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రాలు వద్దనడం లేదు. పక్కన దీనికీ చోటివ్వమంటున్నాను.

దీన్ని ఒంటరిగా చేయకూడదు. ఏ పిల్లలకు అవసరమో బ్లాకుల్లోని రెసిడెంట్స్ నెట్‌వర్క్‌లకు, కమ్యూనిటీ క్లబ్‌కు, ఫ్యామిలీ సర్వీస్ సెంటర్‌కు మనకంటే బాగా తెలుసు. స్థలం, అనుమతులు, పిల్లల భద్రత నియమాలు వాళ్ల ద్వారానే నడవాలి. భోజనం హలాల్ ధ్రువీకరణ ఉన్న వంటశాల నుంచే రావాలి. లేకపోతే మలయ్ పిల్లలు పంక్తిలో కూర్చోలేరు. శాకాహారం కూడా ఉండాలి. పప్పూ చారూ మనకు ప్రాణమేగానీ, అక్కడ బీహూన్ పెడితే పిల్లలు రెండోసారి అడుగుతారు. ఇష్టంగా తినేదే పెట్టాలి.

ఆటలకు కొదవ లేదు. మన వామనగుంటలు మలయ్ ఇళ్లలో చోంకాక్. మన అచ్చనగండ్లు ఇక్కడి పాత తరానికి ఫైవ్ స్టోన్స్. వాటిని నేర్పడానికి చైనీయ బామ్మలు, తాతలు ప్రతి బ్లాకు కిందా ఉన్నారు. ఎవరైనా పిలిస్తే చాలునని ఎదురుచూస్తున్నారు. మనవైపు నుంచి చదువుకున్న అమ్మాయిలు ఎంతోమంది డిపెండెంట్ పాస్ మీద ఇళ్లలో ఉన్నారు. 2021 మే నుంచి వర్క్ పాస్ లేకుండా వాళ్లు ఉద్యోగం చేయలేరు. లెక్కలు చెప్పగలిగినవాళ్లు, కూచిపూడి నేర్చినవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు అందులో ఉన్నారు. సేవాసంస్థ ద్వారా, నిబంధనలు కనుక్కుని వాళ్లను కలుపుకుంటే పిల్లలకూ మేలు, వాళ్లకూ ఊరు పరిచయమవుతుంది.

రెండు షరతులు మాత్రం గట్టిగా పెట్టుకోవాలి. ఒకటి, ఎవరి ఆదాయమూ అడగకూడదు. పేరు, తల్లిదండ్రుల ఫోన్, తిండిలో పడనివేమిటి.. ఇంతే. రెండు, బ్యానర్ వద్దు, శాలువా వద్దు, అన్నం తింటున్న పిల్లల ఫొటో అసలే వద్దు. ఈ పేజీలో వచ్చే మన సంఘాల వార్తలన్నీ నేను ఇష్టంగా చదువుతాను. ఈ ఒక్క కార్యక్రమం మాత్రం ఫొటో లేకుండా జరగాలని కోరుకుంటాను.

వచ్చే అభ్యంతరాలు

‘ఉన్నవాళ్ల పిల్లలు కూడా వచ్చి తినిపోతారు కదా?’ అంటారు. రావాలి. రావడమే కాదు, మన పిల్లల్ని మనమే పంపాలి. కండోలోని పిల్లవాడు, అద్దె ఫ్లాటులోని పిల్లవాడు ఒకే బల్లమీద తింటేనే అది పేదల భోజనం అనిపించుకోదు. ఆరు డాలర్ల ప్లేటు ‘అనర్హుడి’ దగ్గరకు పోతుందని భయపడితే, అర్హుడు సిగ్గుతో రాడు. పైగా రెండు వారాలు కోడింగ్ నేర్చుకోవడం కంటే, పొరుగు బ్లాకులో నలుగురు స్నేహితులు దొరకడం మన పిల్లలకు ఈ దేశంలో ఎక్కువ అక్కరకొస్తుంది.

‘మన డబ్బు మన భాషకు, మన పిల్లలకు ఖర్చుపెట్టాలి గానీ..’ అన్నది రెండో మాట. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. సింగపూర్ బడుల్లో తమిళంతోపాటు హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ మాతృభాషలుగా చదువుకోవచ్చుగానీ తెలుగుకు ఆ చోటు ఇంకా దక్కలేదు. ఆ పని సంఘాల మీదే ఉంది. అయితే 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం 50 ఏళ్లు పూర్తిచేసుకుంది. అరవై గడపల ఊళ్లో అతిథిగా వచ్చినవాడు వేరు, యాభై ఏళ్లుగా ఉన్నవాడు వేరు. యాభై ఏళ్లున్న ఇంటివాళ్లు వీధి బాగోగులు కూడా చూడాలి. వీధికి మనం తెలిస్తే, మన భాష కోసం మనం అడిగే మాటకూ విలువ పెరుగుతుంది.

‘సిండాకు కడుతూనే ఉన్నాం కదా’ అనేవారూ ఉంటారు. నిజమే. 1991లో ఏర్పడిన సిండాకు భారతీయ మూలాలున్న ఉద్యోగుల జీతాల నుంచి, జీతాన్ని బట్టి, నెలకు 1 నుంచి 30 డాలర్ల దాకా వెళ్తుంది. అది ఎవరెవరికి వర్తిస్తుందో చెప్పే జాబితాలో తెలుగువారి పేరూ ఉంది. కానీ జీతం చీటీలో ఆ గడి చూడటమే తప్ప, ఆ డబ్బుతో ఏం జరుగుతోందో అడిగినవాళ్లు మనలో ఎంతమంది? సిండా ట్యూషన్లు నడుపుతుంది. మిగతా మూడు జాతుల స్వయంసహాయ సంస్థలతో కలిసి బడుల్లో స్టూడెంట్ కేర్ కేంద్రాలూ నడుపుతుంది. సెలవుల భోజనం ఆలోచనతో వెళ్లి తలుపు తట్టదగిన చోటు అది. కట్టామని చేతులు దులుపుకోవడానికి కాదు, కట్టాం కాబట్టి కలిసి పనిచేద్దామని అడగడానికి.

రాబోయే సెలవులకు ముందు మన సంఘాల కార్యవర్గాలు కూర్చున్నప్పుడు, ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చమని నా మనవి. ఆంగ్ మో కియో నుంచి స్థలం వెతకడానికి, రెసిడెంట్స్ నెట్‌వర్క్‌తో మాట్లాడటానికి, ఎనిమిది రోజులూ వచ్చి వడ్డించడానికి నేను సిద్ధం. నాలాంటివాళ్లు బెడోక్‌లో, జురాంగ్‌లో, ఉడ్‌ల్యాండ్స్‌లో తప్పకుండా ఉంటారు. ముందు ఒక జూన్ చేసి చూద్దాం. ఎంతమంది వచ్చారు, ఏం తిన్నారు, ఏది మిగిలింది రాసుకుందాం. డిసెంబరు ఆరు వారాలకు ఎన్ని విస్తర్లు వేయాలో ఆ లెక్కే చెబుతుంది.